లేవీయకాండము దగ్గర ఆగిపోయే చదువు

ప్రశ్న: మూడేళ్ళుగా ప్రతి జనవరిలోనూ, ఏడాదిలో బైబిలు మొత్తం చదవాలని ఆదికాండముతో మొదలుపెడుతున్నాను, ఒక్కసారి కూడా లేవీయకాండము దాటలేకపోయాను. తెలిసినవారిని అడిగితే ఒకరు స్టడీ బైబిలు కొనమన్నారు, ఇంకొకరు వ్యాఖ్యాన సంపుటాల పేర్లు చెప్పారు, మరొకరు నా ఫోనులో నాలుగు యాప్‌లు పెట్టి ఇచ్చారు. వీటిలో నాకు నిజంగా కావలసినవి ఏవి, ఏది ముందు, ఏది వెనుక? పాత అనువాదం భాష నాకు సగమే అర్థమవుతుంది, కానీ దాన్ని వదిలి వేరేది చదవడం తప్పేమోనని భయం. అసలు నాకు భక్తి తక్కువై ఇలా జరుగుతోందా? — ఒక పాఠకురాలు

సమాధానం:

సహోదరికి వందనాలు.

మీ చివరి ప్రశ్ననే ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే అది మనసులో ఉన్నంతకాలం మిగతా సలహాలేవీ పనిచేయవు. ప్రొటెస్టెంటు బైబిలులోని 66 పుస్తకాలలో 1189 అధ్యాయాలు ఉన్నాయి. ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదవాలి. ఆదికాండము 50, నిర్గమకాండము 40 కలిపి 90 అధ్యాయాలు కనుక, ఒక్క రోజు కూడా తప్పకుండా చదివినవారు జనవరి నెల ముగియకముందే లేవీయకాండము గుమ్మంలో నిలబడతారు. అంతకు ముందే నిర్గమకాండము 25వ అధ్యాయం నుండి ప్రత్యక్షపు గుడారపు కొలతలు మొదలై, 35వ అధ్యాయం తర్వాత దాదాపు అవే వివరాలు మళ్ళీ వస్తాయి. కథ ఆగి, కొలతలూ బలుల విధులూ మొదలైన చోట, వాటిని ఎలా చదవాలో ఎవరూ చెప్పకపోతే ఎవరి చదువైనా కుంటుపడుతుంది. మీరు ఆగిపోయిన చోటే ఎంతోమంది ఆగిపోతారు. ఇది భక్తికి సంబంధించిన లోపం కాదు, పెట్టుకున్న ప్రణాళికకు సంబంధించిన చిక్కు.

ఇక సహాయక గ్రంథాల సంగతి. మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ మంచి మనసుతోనే చెప్పారు, కానీ ముగ్గురూ జవాబుల నుండి మొదలుపెట్టారు. స్టడీ బైబిలు గాని, నిఘంటువు గాని, వ్యాఖ్యానం గాని మనకు అప్పటికే ఒక ప్రశ్న ఉన్నప్పుడే ఉపయోగపడుతుంది. ప్రశ్న లేకుండా వాటిని తెరిస్తే, వాక్యం చదవవలసిన సమయాన్ని వాక్యం గురించి చదవడంలో గడిపేస్తాము, పైగా చదివామన్న తృప్తి కూడా కలుగుతుంది. అదే అసలు ప్రమాదం. అందుచేత నేను చెప్పబోయే క్రమంలో వ్యాఖ్యానాలు చిట్టచివర వస్తాయి.

మొదట కావలసినది మీకు అర్థమయ్యే బైబిలు. పాత అనువాదాన్ని వదలడం తప్పేమోనన్న మీ భయాన్ని నేను తేలికగా తీసిపారేయను. కంఠస్థం చేసిన కీర్తనలూ, ప్రార్థనలో అలవోకగా వచ్చే మాటలూ ఆ అనువాదంలోనివే అయినప్పుడు దానిపై మమకారం ఉండడం సహజం. అయితే బైబిలు మూలభాషలు హెబ్రీ, అరామిక్, గ్రీకు అనీ, మనం చేతపట్టుకున్నది ఏదైనా అనువాదమేననీ గుర్తుంచుకోవాలి. పైగా క్రొత్త నిబంధన వ్రాయబడినది పండితుల సాహిత్య గ్రీకులో కాదు, సామాన్య జనం వాడుకలో ఉన్న 'కోయినే' గ్రీకులో. కాబట్టి వాడుక తెలుగులో వాక్యాన్ని చదవడం ఆ గ్రంథ స్వభావానికి విరుద్ధం కాదు. పాత పరిశుద్ధ గ్రంథాన్ని దగ్గరే ఉంచుకుని, ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ గాని, తెలుగు సమకాలీన అనువాదం గాని మొదటి చదువుకు వాడండి. అర్థం మసకగా ఉన్న చోట రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండు అనువాదాలు వేర్వేరుగా చెప్పిన చోటే మీకు మొదటి మంచి ప్రశ్న దొరుకుతుంది. మీరు కతోలిక సంఘానికి చెందినవారైతే మీ బైబిలులో 73 పుస్తకాలు ఉంటాయి. ఈ పద్ధతిలో మాత్రం మార్పేమీ లేదు.

అధ్యాయాల అంకెలను, పేజీలో కనిపించే చిన్న శీర్షికలను మూలంలో భాగమనుకోకండి. ఇప్పుడు వాడుకలో ఉన్న అధ్యాయ విభజన 13వ శతాబ్దపు తొలినాళ్ళలో ఆంగ్ల మతాధికారి స్టీఫెన్ లాంగ్టన్ చేసినదని చెబుతారు; క్రొత్త నిబంధనకు ఇప్పటి వచన సంఖ్యలను రొబేర్ ఎతియెన్ అనే ముద్రాపకుడు 1551లో చేర్చాడు. అవి చోటు వెతుక్కోవడానికి ఎంతో ఉపయోగపడతాయి, కానీ ఆలోచనను కొన్నిసార్లు మధ్యలో తెగ్గొడతాయి. సృష్టి వృత్తాంతంలోని ఏడవ దినం ఆదికాండము 2వ అధ్యాయం 3వ వచనంతో ముగుస్తుంది, మొదటి అధ్యాయంతో కాదు. యెషయా 53వ అధ్యాయంలోని శ్రమనొందే సేవకుని గురించిన భాగం 52:13 దగ్గరే మొదలవుతుంది. మొదటి కొరింథీయులకు పత్రిక 13వ అధ్యాయాన్ని వివాహాలలో విడిగా చదువుతుంటారు గాని, అది 12, 14 అధ్యాయాలలో కృపావరాల గురించి జరుగుతున్న వాదానికి నడుమన ఉన్నది. అక్కడ ఎవరు ఎవరితో పోటీపడుతున్నారో తెలిస్తే "ప్రేమ మత్సరపడదు" అన్న మాట పదునెక్కుతుంది. కీర్తనల పైన ఉన్న "దావీదు కీర్తన" వంటి పంక్తులు మాత్రం హెబ్రీ ప్రతులలోనే ఉన్నవి. వాటిని ఇతర శీర్షికలతో కలిపి చూడకూడదు.

ప్రణాళిక విషయానికి వస్తే, ఏడాది పథకాలు చెడ్డవి కావు. స్కాట్లాండు కాపరి రాబర్ట్ మర్రే మక్‌షేన్ 1842లో తన సంఘం కోసం తయారుచేసిన పట్టిక ఇప్పటికీ వాడుకలో ఉంది. రోజుకు సుమారు నాలుగు అధ్యాయాల చొప్పున, నాలుగు వేర్వేరు చోట్ల నుండి చదువుతూ, ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, క్రొత్త నిబంధనా కీర్తనలూ రెండేసి సార్లు పూర్తిచేయడం దాని పద్ధతి. ఒకేచోట కూరుకుపోకుండా ఉండడానికి ఆ నాలుగు దారులు సహాయపడతాయి. అయినా మూడుసార్లు ఆగిపోయిన మీకు ఈ ఏడు ఏ పట్టికా వద్దని నా అభిప్రాయం. తేదీలు ఉన్న పట్టికలో రెండు రోజులు వెనుకబడితే చదువు అప్పుగా మారుతుంది. అప్పు తీర్చడానికి చదివేవారు అధ్యాయాలను దాటుకుంటూ పోతారే గాని వాటిలో నిలవరు. దానికి బదులు మార్కు సువార్తతో మొదలుపెట్టండి. పదహారు అధ్యాయాలే కనుక ఒకే దినాన, వీలైతే లేవకుండా ఒకేసారి కూర్చుని మొత్తం చదవండి. తర్వాత అదే పుస్తకాన్ని రోజుకు ఒక భాగం చొప్పున నెమ్మదిగా చదవండి. ఆ తర్వాత ఆదికాండము, నిర్గమకాండములో 20వ అధ్యాయం వరకు, అటుపిమ్మట 32 నుండి 34 వరకు, ఆపైన లూకా సువార్త, అపొస్తలుల కార్యములు. వీటన్నిటితో పాటు రోజుకు ఒక కీర్తన. 176 వచనాల 119వ కీర్తనను మాత్రం, అది హెబ్రీ అక్షరమాల క్రమంలో ఎనిమిదేసి వచనాల 22 ఖండాలుగా ఉన్నది కనుక, రోజుకు ఒక ఖండం తీసుకుంటే చాలు.

రెండవ సాధనం ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను. దీన్ని ఎవరూ మీకు సిఫారసు చేయలేదు, బహుశా ఇది సాధనమని ఎవరికీ అనిపించకపోవడం వల్ల కావచ్చు. చదివిన ప్రతి భాగం కింద, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, దీనికి ముందు ఏమి జరిగిందో, ఏ మాట మళ్ళీ మళ్ళీ వస్తున్నదో వ్రాయండి. మార్కులో "వెంటనే" అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి చూడండి. గ్రీకులో ఆ మాట సుమారు 40 సార్లు ఉన్నది, ఆ సువార్త పరుగు అంతా ఆ ఒక్క మాటలో కనిపిస్తుంది. అది మీరే కనిపెడితే ఎప్పటికీ మరచిపోరు. నేను చెప్పి ఆ ఆనందాన్ని కొంత పాడుచేసినందుకు క్షమించండి.

"ఎవరు ఎవరితో" అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో ఒక్క ఉదాహరణ చెబుతాను. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు" అన్నది వాగ్దాన వచనంగా చాలామందికి నోటికి వచ్చు. యోబు గ్రంథం 8వ అధ్యాయం తెరిచి చూస్తే ఆ మాట అన్నది దేవుడు కాదు, యోబు స్నేహితులలో ఒకడైన బిల్దదు. అదీ ఓదార్పుగా కాదు; నీవు నిజంగా యథార్థవంతుడవైతే ఇలా జరిగి ఉండేది కాదన్న నిందకు కొనసాగింపుగా. 42:7లో యెహోవా, యోబు స్నేహితులు తన గురించి యుక్తమైనది పలుకలేదని వారిపై కోపగించుకున్నాడు. యోబు చివరి స్థితి నిజంగానే మొదటి స్థితి కంటె మేలైనదిగా మారింది గనుక ఆ వచనం వ్యర్థమని నేను అనను, కానీ ఆ కథ చదవకుండా ఆ వచనాన్ని గోడకు తగిలించుకున్నవారికి, అందులోని వ్యంగ్యం ఎన్నటికీ అందదు. అలాగే "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న ఫిలిప్పీయుల పత్రిక మాట, బంధకాలలో ఉన్న పౌలు ఆకలినీ సమృద్ధినీ ఒకే విధంగా సహించడం నేర్చుకున్నానని చెప్పిన వెంటనే వచ్చినది. విజయం గురించి కంటే అది ఓర్పు గురించి చెప్పిన మాట. ఈ రెండింటికీ ఏ వ్యాఖ్యానమూ అవసరం లేదు. ముందూ వెనుకా పది వచనాలు చదివితే చాలు.

మూడవది మీ దగ్గర ఇప్పటికే ఉండవచ్చు: పేజీ మధ్యనో అంచుననో చిన్న అక్షరాలతో ఉండే సమాంతర వచనాల సూచికలు, అంటే రిఫరెన్సులు. మార్కు మొదటి అధ్యాయం 2, 3 వచనాల దగ్గర ఉన్న సూచికలను పట్టుకుని వెళితే మలాకీ 3:1కీ యెషయా 40:3కీ చేరుకుంటారు. ఇద్దరు ప్రవక్తల మాటలు అక్కడ అల్లబడి ఉన్నాయని తెలుస్తుంది. సిలువపై యేసు వేసిన కేక దగ్గర నుండి 22వ కీర్తనకు వెళ్ళి, మొదటి వచనంతో ఆగకుండా ఆ కీర్తన చివరి వరకు చదవండి. బైబిలుకు బైబిలే వ్యాఖ్యానమని పెద్దలు అనేది ఇందుకే. అయితే సూచికలన్నీ ఒకే బరువు గలవి కావు. కొన్ని నిజమైన ఉల్లేఖనాలకు దారి చూపుతాయి, కొన్ని కేవలం ఒకే పదం రెండుచోట్లా ఉన్నందున ఇచ్చినవి.

ఆ తర్వాతే బైబిలు నిఘంటువూ పటాలూ. వచ్చే ఆరు నెలల్లో మీరు ఒక్క పుస్తకమే కొనగలిగితే, స్టడీ బైబిలు కంటే ముందు నిఘంటువునే కొనమంటాను, ఎందుకంటే నిఘంటువు వచనానికి అర్థం చెప్పదు, వచనంలోని లోకాన్ని చూపి పక్కకు తప్పుకుంటుంది. మత్తయి 18లో ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు అచ్చియున్నాడు, అంటే బాకీపడి ఉన్నాడు. అతనికి తోటిదాసుడు నూరు దేనారములు అచ్చియున్నాడు. దేనారము ఒక దినపు కూలి అని మత్తయి 20వ అధ్యాయమే చెబుతుంది. తలాంతు సుమారు 6000 దేనారాలతో సమానమని నిఘంటువు చెబుతుంది. అంటే ఒక్క తలాంతు సంపాదించడానికే కూలివానికి ఇరవై ఏళ్ళు పడుతుంది, మొదటి అప్పు రెండవదానికి ఆరు లక్షల రెట్లు. ఈ లెక్క చేయకముందు ఆ ఉపమానం నాకు క్షమించమని చెప్పే ఒక నీతికథగానే ఉండేది. లెక్క చేశాక, "నాయెడల ఓర్చుకొనుము, నీకు అంతయు చెల్లింతును" అని ఆ దాసుడు రాజును వేడుకున్న మాట ఎంత అసంభవమో, ఎంత దయనీయమో కనిపించింది. పటం విలువ కూడా ఇటువంటిదే. మంచి సమరయుని కథలో మనుష్యుడు యెరూషలేము నుండి యెరికోకు "దిగి" వెళ్ళాడన్నది అలంకారం కాదు. యెరూషలేము సముద్రమట్టానికి సుమారు 750 మీటర్ల ఎత్తున ఉంటే, యెరికో సముద్రమట్టానికి దాదాపు 250 మీటర్ల దిగువన ఉన్నది.

పదానుక్రమణిక, అంటే కంకార్డెన్స్, గురించి కొంత జాగ్రత్తగా చెప్పాలి. తెలుగు పదాలకు తెలుగు పదానుక్రమణిక ఉంటే, సగం గుర్తున్న వచనాన్ని వెతుక్కోవడానికి అది చాలు. యాప్‌లోని వెతుకులాట సదుపాయం కూడా అదే పని చేస్తుంది. దాన్ని దాటి, మూలభాషల వైపు తలుపు తెరిచేది 1890లో జేమ్స్ స్ట్రాంగ్ ప్రచురించిన కంకార్డెన్స్. కింగ్ జేమ్స్ అనువాదంలోని పదాలను అనుసరించి తయారైన ఆ గ్రంథంలో ప్రతి హెబ్రీ, గ్రీకు పదానికీ ఒక సంఖ్య ఉంటుంది, కనుక ఆ లిపులు రానివారు కూడా ఏ పదం ఎక్కడ వాడబడిందో చూసుకోవచ్చు. ఇంగ్లీషు కొంత వచ్చినవారికి బ్లూ లెటర్ బైబిల్, స్టెప్ బైబిల్ వంటి ఉచిత వెబ్‌సైట్లలో ఇదే సమాచారం దొరుకుతుంది. దీని ప్రయోజనం ఇలా ఉంటుంది: 136వ కీర్తనలో 26 సార్లు వినిపించే "ఆయన కృప నిరంతరముండును"లోని కృప హెబ్రీలో 'హెసెద్', ఎఫెసీయులకు పత్రికలో "కృపచేతనే రక్షింపబడియున్నారు" అన్న చోటి కృప గ్రీకులో 'కారిస్'. మొదటిదానిలో నిబంధనకు కట్టుబడిన నమ్మకమైన ప్రేమ ప్రధానం, రెండవదానిలో అర్హత చూడకుండా ఇచ్చిన అనుగ్రహం ప్రధానం. మరోవైపు, రూతు గ్రంథం మొదటి అధ్యాయంలో నయోమి కోడళ్ళతో "యెహోవా మీయెడల దయచూపునుగాక" అన్నప్పుడు ఆ దయ కూడా హెసెదే.

ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. యోహాను 21లో యేసు పేతురును మూడుసార్లు అడిగిన ప్రశ్నలో మొదటి రెండుసార్లు 'అగపావో', మూడవసారి 'ఫిలేయో' అన్న క్రియలు ఉన్నాయని, మొదటిది దైవప్రేమ, రెండవది కేవలం స్నేహమని ఎన్నో ప్రసంగాలు నడిచాయి. కానీ తండ్రి కుమారుని ప్రేమించుచున్నాడని చెప్పడానికి యోహాను 3:35లో మొదటి క్రియ, 5:20లో రెండవ క్రియ వాడబడ్డాయి. ఒక పదానికి నిఘంటువులో ఉన్న అర్థాలన్నీ ప్రతి వచనంలోనూ ఉండవు. సంఖ్య చూసి వెంటనే బోధించడానికి పూనుకోవడం సగం వైద్యం వంటిది. మూలభాషా పదం మీకు కనిపించిన రోజున, అదే రచయిత దాన్ని మరెక్కడ వాడాడో చూసే వరకు ఏ నిర్ణయానికీ రాకండి.

స్టడీ బైబిలు మంచిదే, కానీ దానిలో ఒకే పేజీ మీద పైన వాక్యం, కింద మనుషుల మాట ఉంటాయి, కన్ను వాటి మధ్య గీతను త్వరగా మరచిపోతుంది. 1909లో వెలువడిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలు ఇందుకు చరిత్రలో ప్రసిద్ధమైన ఉదాహరణ: దేవుని వ్యవహారాలను యుగాలుగా విభజించే ఒక ప్రత్యేక వ్యాఖ్యాన పద్ధతి దాని అధోసూచికల ద్వారా ఎంత విస్తృతంగా పాకిందంటే, అది ఒక పద్ధతి అన్న స్పృహ కూడా లేకుండా ఎందరో దాన్ని స్వీకరించారు. ఆ పద్ధతి తప్పో ఒప్పో నేను ఇక్కడ తేల్చడం లేదు. ఏ స్టడీ బైబిలు కొన్నా ముందుమాట చదివి, అది ఏ సంఘ సంప్రదాయంలో తయారైందో తెలుసుకోండి, మీ నోటు పుస్తకంలో మీరు వ్రాసుకున్న తర్వాతే కింది సూచికలు చూడండి. వ్యాఖ్యానాలకూ ఇదే వర్తిస్తుంది. బైబిలు వ్యాఖ్యాత మాథ్యూ హెన్రీ 1714లో మరణించేనాటికి అపొస్తలుల కార్యముల వరకు వ్రాశాడు, మిగిలిన పత్రికలను ఇతర సేవకులు పూర్తిచేశారు. ఆత్మీయ అన్వయానికి ఆ గ్రంథం ఇప్పటికీ చల్లని ఊటే, కానీ 1947 నుండి బయటపడిన మృతసముద్రపు చుట్టల (ప్రాచీన వ్రాతప్రతుల) వంటివి వెలుగు చూడకముందు వ్రాసినది కనుక చారిత్రక విషయాలకు కొత్త పుస్తకాన్ని కూడా చూడాలి. సంపుటాల వరుసనంతా కొనవద్దు. ప్రస్తుతం చదువుతున్న పుస్తకానికి ఒక్క మంచి వ్యాఖ్యానం చాలు.

ఫోనులోని నాలుగు యాప్‌లలో ఒక్కటే ఉంచుకోండి. 2008లో మొదలైన యూవెర్షన్ మీ దగ్గర ఉంటే, అందులో ఒకటికి మించి తెలుగు అనువాదాలు ఉన్నాయి కనుక పోల్చి చూడడానికి అది చాలు. బైబిల్‌ప్రాజెక్ట్ వారు ఒక్కొక్క పుస్తకం నిర్మాణాన్ని బొమ్మలతో వివరించే ఉచిత వీడియోలు తెలుగులో కూడా ఉన్నాయి. పుస్తకం మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగించాక ఒకసారి చూస్తే మేలు. ఆడియో బైబిలును తక్కువగా చూడకండి. పౌలు పత్రికలు సంఘాలలో బిగ్గరగా చదివి వినిపించడానికి వ్రాసినవేనని కొలొస్సయుల పత్రిక 4:16 చూస్తే తెలుస్తుంది, ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయమే చదివేవానితో పాటు వినేవారిని కూడా ధన్యులంటుంది. కళ్ళు అలసిన రోజున వినడం చదువు తప్పించుకోవడం కాదు. అధ్యయనం కోసం కూర్చున్నప్పుడు మాత్రం కాగితపు బైబిలే మేలు. ఒక్క సందేశం మోగితే ఫోను మనల్ని ఎక్కడికి తీసుకుపోతుందో మీకు తెలియనిది కాదు.

ఇన్ని చెప్పినా, అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో, రథంలో యెషయా గ్రంథం చదువుతున్న ఐతియొపీయుడు "ఎవడైనను నాకు త్రోవ చూపకుంటే ఏలాగు గ్రహింపగలను" అన్నప్పుడు అతనికి దొరికినది పుస్తకం కాదు, పక్కన ఎక్కి కూర్చున్న ఫిలిప్పు. మీ నోటు పుస్తకంలో జవాబు దొరకని ప్రశ్నలను వారానికి ఒకసారి మీ సంఘ కాపరి దగ్గరికో, మీకంటే ఎక్కువ చదివిన ఒక సహోదరి దగ్గరికో తీసుకువెళ్ళండి. "నాకు బైబిలు అర్థం కావడం లేదు" అంటే వారు ఓదారుస్తారు. "ఈ వచనంలో ఈ మాట ఇక్కడ ఎందుకు ఉంది" అని అడిగితే మీతో కలిసి వెతుకుతారు.

లేవీయకాండానికి మీరు ఈ ఏడాది చివరికి తిరిగి వెళ్ళవచ్చు, అయితే మొదటి అధ్యాయం నుండి కాదు. 16వ అధ్యాయం తీసుకోండి. అది ప్రాయశ్చిత్త దినం గురించినది. ప్రధానయాజకుడు ఏ బట్టలు వేసుకుంటాడు, ఏ క్రమంలో లోపలికి వెళతాడు, రెండు మేకలలో ఒక్కొక్కదానికి ఏమి జరుగుతుంది అన్నవి నోటు పుస్తకంలో వ్రాసుకుని, అదే రోజున హెబ్రీయులకు పత్రిక 9వ అధ్యాయం చదవండి. మరుసటి రోజు నిర్గమకాండము 25 నుండి 27 వరకు తిరిగి తెరిచి, ఆ గుడారంలో తెర ఎక్కడ ఉన్నదో, కరుణాపీఠము ఎక్కడ ఉన్నదో మీ చేతితో ఒక చిన్న బొమ్మ గీయండి. ఆ బొమ్మను పక్కన పెట్టుకుని లేవీయకాండము మొదటి అధ్యాయం మొదలుపెట్టండి. అర్పణ తెచ్చినవాడు ఏ ద్వారం దగ్గర నిలబడి పశువు తల మీద చెయ్యి ఉంచుతున్నాడో ఈసారి మీకు కనిపిస్తుంది.